పాలు చాలకేనా ఆ ఏడుపు?

షోలాపూర్ తూర్పు పేటల్లోని తెలుగు ఇళ్లలో పురుడైన నెలలోపే ఒక మాట వినబడుతుంది: "పాలు సరిపోతలేవు." అనేది అత్త కావచ్చు, పక్కింటి పెద్దమ్మ కావచ్చు, చాలాసార్లు బాలింతే కావచ్చు. ఎందుకలా అనుకుంటున్నారని అడిగితే అందరి జవాబూ ఒకటే. పిల్ల ఇప్పుడే తాగింది, అరగంట కాలేదు, మళ్లీ నోరు తెరిచింది. పొద్దుగూకితే రొమ్ము వదలనే వదలదు. కడుపు నిండిన పిల్ల ఎందుకేడుస్తుంది? అందుకని సాయంత్రానికి మెడికల్ షాపు నుంచి పాలడబ్బా వస్తుంది. అది తెచ్చేవాళ్లు పిల్ల మీద ప్రేమతోనే తెస్తారు. కానీ మాటిమాటికీ పాలడగడానికీ, తల్లికి పాలు తక్కువ కావడానికీ ఎక్కువ ఇళ్లలో సంబంధమే ఉండదు.

ఈ పేటల సంగతి కొంచెం చెప్పాలి. 1877లో షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు మొదలైంది. మిల్లుల పని కోసం, చేమగ్గాల పని కోసం నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు తరలివచ్చాయి. అశోక్ చౌక్, సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్, నీలం నగర్ లాంటి చోట్ల తెలుగు ఇవాళ్టికీ ఇంటిభాష. మగవాళ్లు మరమగ్గాల మీద షోలాపూర్ చద్దర్లు, టవళ్లు నేస్తారు. ఆడవాళ్లలో వేలాదిమంది ఇంట్లో బీడీలు చుడతారు. 2006లో నగరం అవతల కుంభారి దగ్గర బీడీ కార్మికురాళ్ల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీలో 10,000 ఇళ్లున్నాయంటే ఆ పని ఎంతమందిదో ఊహించవచ్చు.

ఆ ఇళ్లలో బాలింత ఎలా కూర్చుంటుందో చూడండి. ఒళ్లో చాట. చాటలో ఒకపక్క తంబాకు, ఒకపక్క తడిపి కొలతకు కత్తిరించిన తునికాకులు. ఆకు తీసి, చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్లతో చుట్టి, మొన మడిచి, దారం కడుతుంది. చూపు చాట మీద ఉండదు, ఎదురుగా వేలాడే చీర తొట్టెల మీద ఉంటుంది. తొట్టెలకు కట్టిన తాడు కాలి బొటనవేలికి ఉంటుంది. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ చాట దించాలి, చేతులు కడగాలి, పిల్లను తీయాలి. నెల పిల్ల రోజుకు 11 సార్లు తాగి, ఒక్కోసారి 20 నిమిషాలు పడితే 3 గంటల 40 నిమిషాలు అందులోనే పోతాయి. ఎనిమిది గంటల పనిదినంలో అది దాదాపు సగం. డబ్బా కొంటే ఆ సమయం మిగులుతుందన్న ఆశలో దోషం లేదు. "పాలు సరిపోతలేవు" అన్న మాటకు అంత బలం రావడానికి ఈ కూలి లెక్క కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక పిల్ల సంగతి. పాలిచ్చే జంతువులన్నీ పిల్లలకు ఒకే తీరున పాలివ్వవు. కుందేలు రోజుకు ఒక్కసారి, కొద్ది నిమిషాలు మాత్రమే పిల్లల దగ్గరికి వస్తుంది. దాని పాలు అందుకు తగ్గట్టే చిక్కన. ఉత్తర అట్లాంటిక్‌లో మంచుగడ్డల మీద ఈనే ఒక జాతి సీలు పాలలో కొవ్వే 60 శాతం దాకా ఉంటుంది. దాని పిల్ల 4 రోజుల్లో పాలు మానేస్తుంది. పిల్లను ఎప్పుడూ ఒంటినంటి మోసుకుతిరిగే కోతులు, వానరాల పాలు అలా ఉండవు. అవి పలుచన, తియ్యన. పిల్ల తల్లి ఒంటి మీదే ఉంటుంది కనుక కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తాగుతుంది. మనిషి పాలు ఈ కోవలోవే. వాటిలో కొవ్వు 4 శాతం లోపు, ప్రొటీన్ 1 శాతం, తీపినిచ్చే లాక్టోజు 7 శాతం, తక్కినదంతా నీరు. డబ్బాపాల కంటే త్వరగా పొట్ట దాటిపోతాయి. ఇలాంటి పాలు మూడు నాలుగు గంటలకోసారి తాగి ఊరుకోవడం మనిషి బిడ్డకు పుట్టుకతో వచ్చిన పద్ధతి కాదు.

1980లో మెల్విన్ కోనర్, కరోల్ వర్త్‌మన్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో వేట మీద, కందమూలాల మీద బతికే కుంగ్ తెగ తల్లులను గమనించి 'సైన్స్' పత్రికలో రాశారు. అక్కడి పిల్లలు పగటిపూట గంటకు సుమారు 4 సార్లు తాగుతున్నారు. తాగేది ఒక్కోసారి రెండు నిమిషాలు. అక్కడ దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. "నాలుగు గంటలకోసారి, గడియారం చూసి" అనే నియమం బలపడింది పాశ్చాత్య దేశాల్లో, 20వ శతాబ్దం మొదట్లో. న్యూజిలాండ్ డాక్టర్ ట్రూబీ కింగ్ దాన్ని గట్టిగా ప్రచారం చేశాడు. తర్వాత ఆసుపత్రుల ద్వారా ఆ నియమం లోకమంతా పాకింది. మన ముసలవ్వలు పిల్ల ఏడిస్తే పాలిచ్చేవాళ్లు, గడియారం అడిగేవాళ్లు కాదు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాటే శాస్త్రం.

తల్లికీ తల్లికీ తేడా ఉందన్నది మరో ముఖ్యమైన సంగతి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పీటర్ హార్ట్‌మన్ బృందం ఏళ్ల తరబడి చనుబాలను తూచి, కొలిచింది. 1993లో వాళ్లు చెప్పినదాని ప్రకారం ఒక రొమ్ము ఒకేసారి నిలవ చేయగల పాలు ఒక తల్లికి 80 మిల్లీలీటర్లయితే మరో తల్లికి 600 దాకా ఉండవచ్చు. ఇది రొమ్ము బయటి పరిమాణాన్ని చూసి చెప్పగలిగేది కాదు. 2006లో అదే బృందంలోని జాక్వెలిన్ కెంట్ మరో లెక్క ప్రకటించింది. కేవలం తల్లిపాల మీద ఉన్న, నెల నుంచి ఆరు నెలల వయసు పిల్లలు 71 మందిని గమనిస్తే రోజుకు 6 సార్లు తాగేవాళ్లున్నారు, 18 సార్లు తాగేవాళ్లున్నారు. సగటు 11 సార్లు. రోజు మొత్తానికి తాగిన పాలు సగటున 788 గ్రాములు. అందరూ ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలే. తక్కువ నిలవ ఉండే తల్లి బిడ్డ ఎక్కువసార్లు తాగి తన వంతు సంపాదించుకుంటుంది. ఆ తల్లికి పాలు తక్కువని అనడం అన్యాయం. పక్కింటి పిల్ల మూడు గంటలకోసారి తాగితే, మన పిల్ల గంటకోసారి తాగితే, రెండూ సరైనవే కావచ్చు.

ఆ పెర్త్ పరిశోధనలోనే ఇంకొకటి తేలింది. పిల్లలు సగటున రొమ్ములో ఉన్న పాలలో మూడింట రెండు వంతులే తాగుతారు. అంటే పిల్ల వదిలేశాక కూడా లోపల పాలుంటాయి. "మొత్తం తాగేసింది, ఇక ఏమీ లేదు" అని తల్లి భయపడనక్కర్లేదు. రొమ్ము ఖాళీ అయ్యే కుండ కాదు, పిల్ల తాగుతుంటే పాలు తయారవుతూనే ఉంటాయి.

ఎంత తయారవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు స్కాట్లాండ్‌లో మేకల మీద చేసిన ప్రయోగాల్లో దొరికింది. మాల్కమ్ పీకర్, కాలిన్ వైల్డ్ అక్కడి హన్నా పరిశోధన సంస్థలో మేక పొదుగులోని రెండు భాగాల్లో ఒకదాన్ని ఎక్కువసార్లు పిండి చూశారు. ఆ భాగంలో పాలు పెరిగాయి, రెండోదానిలో పెరగలేదు. రెండింటికీ ఒకే రక్తం, ఒకే హార్మోన్లు. తేడా వచ్చింది ఏ వైపు ఎన్నిసార్లు పిండారన్నదాన్ని బట్టే. పాలు నిలవ ఉన్నకొద్దీ తయారీని తగ్గించే సంకేతం ఏదో పాలలోనే ఉందని దీన్నిబట్టి అర్థం చేసుకున్నారు. మనుషుల మీద పెర్త్ లెక్కలు కూడా దీనికి తోడ్పడ్డాయి. నిండిన రొమ్ములో తయారీ నెమ్మది, ఖాళీ అవుతున్న రొమ్ములో తయారీ వేగం. గోదాములో టవళ్లు పేరుకుపోతే సేట్ మగ్గాలు ఆపిస్తాడు, సరుకు కదిలితే రెండో షిఫ్టు కూడా నడిపిస్తాడు. రొమ్ములో జరిగేదీ అంతే.

ఇప్పుడు డబ్బా వచ్చిన ఇంట్లో ఏమవుతుందో చూడండి. సాయంత్రం ఒక సీసా డబ్బాపాలు పట్టారు. పిల్ల మూడు గంటలు పడుకుంది. "చూశావా, ఆకలే!" అన్నారు. ఆ మూడు గంటలూ తల్లి రొమ్ములో పాలు కదల్లేదు. తయారీ తగ్గింది. మరునాడు సాయంత్రం పాలు కొంచెం తక్కువ. పిల్ల ఏడ్చింది. సీసా రెండయింది. పది రోజులకు అత్త అన్నమాట నిజమైపోతుంది. ముందే ఉన్న లోపాన్ని డబ్బా తీర్చలేదు, లేని లోపాన్ని తెచ్చిపెట్టింది. సీసాతో పాటు మరిగించని నీళ్లు, సరిగా కడగని రబ్బరు పీక, విరేచనాలు కూడా వస్తాయి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలుచగా కలిపితే పిల్ల బరువు ఆగిపోతుంది. డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో మన దేశం చట్టం చేసింది ఇందుకే.

సాయంత్రం పూట అల్లరి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బా నిర్ణయాలన్నీ సాయంత్రం ఆరు, తొమ్మిది గంటల మధ్యనే జరుగుతాయి. అమెరికా పిల్లల వైద్యుడు బ్రాజెల్టన్ 1962లో 80 మంది ఆరోగ్యవంతమైన శిశువుల ఏడుపు లెక్కగట్టాడు. ఆరో వారానికి ఏడుపు రోజుకు దాదాపు మూడు గంటలకు చేరింది. అదీ ఎక్కువగా సాయంత్రాలే. తర్వాత నెమ్మదిగా తగ్గింది. కడుపు నిండినా, నిండకపోయినా ఆ వయసులో పిల్లలు సాయంత్రం ఏడుస్తారు. అదే సమయంలో పదేపదే రొమ్ము పట్టడం కూడా మామూలే. పొద్దున కంటే సాయంత్రం రొమ్ము అంత నిండుగా ఉండదు. కానీ నిండుగా లేని రొమ్ములోని పాలలో కొవ్వు ఎక్కువ. పిల్ల కొంచెం కొంచెంగా తాగుతూ చిక్కటి పాలు రాబట్టుకుంటుంది. తాగడం పిల్లకు ఆకలి తీర్చేది మాత్రమే కాదు, ఊరట కూడా. రాత్రి పాలు మానకూడదు. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిపూటే ఎక్కువ. పాలు చేపుకు రావడానికి కావలసిన ఆక్సిటోసిన్‌కు మాత్రం తల్లి మనసు కుదుటపడాలి. ఇంట్లో నలుగురూ చుట్టూ నిలబడి "ఇంకా ఏడుస్తోంది" అంటుంటే చేపు ఆలస్యమవుతుంది.

షోలాపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. రేకుల కప్పు కింద, మగ్గాల షెడ్డు పక్కన ఇంకా ఎక్కువ. ఆ నెలల్లో పిల్ల మరీ ఎక్కువసార్లు అడుగుతుంది. దాహం వేసి అడుగుతుంది. ఇక్కడే ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టాలనిపిస్తుంది. వద్దు. తల్లిపాలలో 87 శాతం నీళ్లే. 1991లో ఢిల్లీలో డాక్టర్ సచ్‌దేవ్ బృందం మండుటెండల్లో కేవలం తల్లిపాలు తాగే పిల్లలను పరీక్షించి, వాళ్లకు విడిగా నీళ్లు అవసరం లేదని లాన్సెట్ పత్రికలో చూపించింది. నీళ్లతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, కలుషిత నీళ్లయితే విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలల దాకా పిల్లకు తల్లిపాలే నీళ్లు, అన్నం. నీళ్లు తాగాల్సింది తల్లి. చాట పక్కన ఒక చెంబు నీళ్లు పెట్టుకోవాలి.

బీడీ పని గురించి చెప్పకుండా ఈ పేటల పాల సంగతి పూర్తి కాదు. తంబాకులోని నికోటిన్ చర్మం నుంచీ, ధూళి నుంచీ ఒంట్లో చేరుతుంది. బీడీ తంబాకు పని చేసేవాళ్ల మూత్రంలో దాని ఆనవాలు ఉందని ముంబైలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. నికోటిన్ పాలలోకి దిగుతుంది. దానికి తోడు మహారాష్ట్రలో మిశ్రీ అలవాటు ఉంది. తంబాకును పెనం మీద నల్లగా కాల్చి, పొడిచేసి, పళ్లకు రుద్దుకుంటారు. తెలుగు ఇళ్లలోనూ ఇది పాకింది. సిగరెట్ తాగిన వెంటనే పాలిచ్చిన తల్లుల పిల్లలు తక్కువసేపు నిద్రపోతారని 2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన తేల్చింది. నిద్ర చెడిన పిల్ల మళ్లీ మళ్లీ లేస్తుంది, మళ్లీ రొమ్ము అడుగుతుంది. పిల్ల అస్సలు పడుకోవడం లేదంటే అనుమానించాల్సిన వాటిలో మిశ్రీ కూడా ఒకటి. బాలింత మిశ్రీ మానితే మంచిది. మానలేకపోతే పాలిచ్చిన తర్వాతే వాడాలి, ముందు కాదు. చాట మీది నుంచి లేచినప్పుడు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. రొమ్ముకు తగిలే కొంగుకూ రవికకూ తంబాకు ధూళి అంటకుండా పని చేసేటప్పుడు పైన ఒక పాత చొక్కా వేసుకోవచ్చు. తంబాకు బస్తా, ఆకుల మూట పిల్ల పడుకునే గదిలో ఉండకూడదు. ఇంత చెప్పాక ఒకటి గట్టిగా చెప్పాలి. తంబాకు పని చేస్తున్నానని పాలు మాన్పించడం పొరపాటు. నికోటిన్ చేరే పాలు కూడా డబ్బాపాల కంటే పిల్లకు మేలు.

అసలు పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి తాగిన సార్లు లెక్కపెట్టక్కర్లేదు, తీగ మీద ఆరేసిన గుడ్డలు లెక్కపెట్టాలి. అయిదో రోజు దాటిన పిల్ల రోజుకు కనీసం 6 గుడ్డలు తడపాలి. ఉచ్చ లేతరంగులో ఉండాలి. మొదటి వారాల్లో విరేచనం ఆవపసుపు రంగులో, రోజుకు మూడు నాలుగుసార్లు అయితే మంచిది. నెల దాటాక ఇది తగ్గినా భయం లేదు. పుట్టగానే కొంత తగ్గిన బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూకం ఉంది, ఆశా కార్యకర్త ఇంటికే వస్తుంది. ఈ లెక్కలు సరిగా ఉన్న పిల్ల గంటకోసారి ఏడ్చినా, రెండు గంటలు రొమ్ము వదలకపోయినా ఆరోగ్యంగానే ఉన్నట్టు.

చన్ను సరిగా పట్టకపోవడం వేరే సంగతి. పిల్ల చాలాసేపు చీకుతూ ఉంటుంది కానీ పాలు రావు. అలాంటప్పుడు మాటిమాటికీ తాగినా లాభం లేదు. పిల్ల నోరు పెద్దగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు లోపలికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. చేపు వచ్చాక మింగే చప్పుడు మెల్లగా, క్రమంగా వినబడాలి. తల్లికి చన్ను పగిలి నొప్పి పుడుతోందంటే పట్టు తప్పింది. పిల్లను మెల్లగా తీసి మళ్లీ పట్టించాలి. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే తల్లి నడుముకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. అయితే బీడీ తాగేవాళ్లు, మందు తాగినవాళ్లు ఆ పక్క మీద పడుకోకూడదు.

పిల్ల మగతగా ఉండి తాగనే తాగకపోయినా, రోజుకు 6 గుడ్డలు తడవకపోయినా, రెండు వారాలకు పుట్టిన బరువు రాకపోయినా, కళ్లు పచ్చబడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెలలు నిండకముందే పుట్టడం, తల్లికి థైరాయిడ్ లోపం, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం లాంటి కారణాలతో కొద్దిమందికి నిజంగానే పాలు తక్కువ పడతాయి. వాళ్లకు వైద్యం, సహాయం కావాలి. తప్పుపట్టడం కాదు.

తల్లి తిండి గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది స్పష్టం. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే మామూలుగా తినే పూటలకు తోడు ఇంకో పూర్తి పూట. అదే సంస్థను నడిపించిన డాక్టర్ సి. గోపాలన్, భవానీ బెళవాడి 1950ల చివర్లో పేద భారతీయ తల్లుల పాలను పరీక్షించి, తల్లి తిండి అంతంతమాత్రంగా ఉన్నా పాలలోని ప్రొటీన్, లాక్టోజు పెద్దగా తగ్గవని రాశారు. విటమిన్లు మాత్రం తిండిని బట్టి తగ్గాయి. తల్లి తనను తాను కరిగించుకుని పాలిస్తోందన్నమాట. అందుకే ఆమెకు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టాలి. పత్యం పేరుతో ఆమె పళ్లెం తగ్గించకూడదు. మెంతులు, వెల్లుల్లి, ఆదిత్యాల లడ్డూ తినిపిస్తే తినిపించండి, తల్లికి బలమే. పాలు పెంచేది మాత్రం పిల్ల నోరే.

ఒక చిన్న ఏర్పాటు చెప్తాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బాలింత చాట తీయకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. వంట అత్త చూసుకుంటుంది, పెద్దపిల్లలను మామ తిప్పుతాడు, షిఫ్టు దిగిన భర్త పాలు తాగిన పిల్లను భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తిప్పుతాడు. పొద్దున రొమ్ము నిండుగా ఉన్నప్పుడు చేత్తో కొంచెం పాలు పిండి శుభ్రమైన స్టీలు గిన్నెలో పెడితే, తల్లి కార్ఖానాకు బీడీలు ఇచ్చి వచ్చేలోపు నాయనమ్మ ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఎండాకాలమైతే అవి వెంటనే వాడాలి.

ఇళ్లలో చుట్టే ఆడవాళ్లను కూడా 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్మికులుగానే గుర్తించింది, ప్రసూతి ప్రయోజనం వాళ్లకూ వర్తింపజేసింది. ఫ్యాక్టరీలో పనిచేసే తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలవిరామాలను 1961 ప్రసూతి చట్టమే ఇచ్చింది. ఇంటి గడప దగ్గర కూర్చుని చుట్టే తల్లికి మాత్రం పాలిచ్చిన ప్రతి నిమిషమూ కూలి కోతే. యూనియన్లు బోనస్ కోసం, కూలి రేటు కోసం ఎన్నో పోరాటాలు చేశాయి. పాలిచ్చే ఆరు నెలలకు కూలి నష్టం చెల్లించాలన్న డిమాండును కూడా అదే గట్టిదనంతో పెట్టాలి.

ఇళ్లలోని పెద్దవాళ్లకు నా మనవి ఒక్కటే. ఈసారి కోడలు "పాలు సరిపోతలేవు" అంటే డబ్బా కొనడానికి ముందు పిల్లను తూకం వేయించండి. బరువు పెరుగుతుంటే ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో కోడలికి గుడ్లు, పాలు కొనండి.